చిన్నమామ చెప్పని పది అక్షరాలు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు సోఫాలో కాళ్ళు ముడుచుకొని ఫోన్‌లో ఏదో మాటల ఆట ఆడుతూ, తలెత్తకుండానే "అత్తమ్మా, పది అక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి చెప్పు. ఏ అక్షరం రెండోసారి రావద్దు, నడుమ కె ఉండాలె" అంది. నన్ను అడిగినట్టు కాదు, గోడను అడిగినట్టు అడిగింది. నా ఇంగ్లీషు మీద మా ఇంట్లో ఎవరికీ పెద్ద ఆశలు లేవు మరి. నేను మాత్రం ఉల్లిగడ్డ తరుగుతున్న కత్తి ఆపకుండా "బ్లాక్‌స్మిత్, బ్యాక్‌గ్రౌండ్, బ్యాంక్రప్ట్సీ" అని వరసగా వదిలాను. పిల్ల ఫోన్ పక్కన పెట్టి నా ముఖం చూసింది. కె లేకపోయినా పర్వాలేదంటే ఇంకో డజను చెబుతాను, కానీ మిగిలిన ఉల్లిగడ్డలు నువ్వు తరగాలి అన్నాను. సగం తరుగుతానంది. మూడొంతుల దగ్గర కుదిరింది. బేరం ముగిసింది కానీ, బ్లాక్‌స్మిత్ అన్న మాట నోట్లోంచి వచ్చాక కత్తి పక్కన పెట్టేశాను. కళ్ళలో నీళ్ళకు ఉల్లిగడ్డ ఉంది కాబట్టి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

మాది బట్టల దుకాణం. కరీంనగర్ జిల్లాలో, గోదావరికి గంట బస్సు ప్రయాణం దూరంలో ఉన్న ఊరు. బట్టల దుకాణంలో పుట్టిన పిల్లకు ఉగ్గుపాలతో పాటు తెలిసే సంగతి ఒకటుంది: కొన్న ధర అమ్మేవాడికి తెలియాలి, కొనేవాడికి తెలియకూడదు. వందల చీరల కొన్న ధరలు ఎవరికి గుర్తుంటాయి? అందుకని ప్రతి చీరకూ చిన్న అట్టముక్క దారంతో కట్టి, దాని మీద ధర అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాసేవాళ్ళం. దానికి పది అక్షరాల ఇంగ్లీషు మాట కావాలి, ఏ అక్షరమూ మళ్ళీ రాకూడదు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా తొమ్మిది దాకా పోయి పదోది సున్నా. బ్లాక్‌స్మిత్ అన్న మాటలో బి ఒకటి, సి నాలుగు, కె అయిదు. అట్ట మీద బీసీకే అని ఉంటే ఆ చీర మాకు నూట నలభై అయిదుకు పడ్డట్టు. అమ్మేవాడు చీర మడత విప్పుతూ ఓరకంట అట్ట చూసుకొని, ఎంత దాకా దిగవచ్చో లెక్క వేసుకొని, అప్పుడు ముఖం దిగులుగా పెట్టేవాడు. ఆ దిగులు ముఖంలో మా బాపును మించినవాడు బజారులో లేడు. "కొండగట్టు అంజన్న మీద ఒట్టు, కొన్న ధరకే ఇస్తున్న" అని రోజుకు ఎన్ని ఒట్లు వేసేవాడో! అవ్వ, అంటే మా అమ్మ, భయపడితే, అంజన్నకు యాపారం తెలుసులే అనేవాడు. ఏడాదికోసారి కాలినడకన కొండ ఎక్కి, పేరుకుపోయిన ఒట్లన్నీ ఒకేసారి దించుకొని తేలికపడి వచ్చేవాడు.

ఆ మాట ప్రతి దీపావళికీ మారేది. ఇంట్లో ఇంగ్లీషు చదువు నాదే కాబట్టి వెతికే పని నాదే. పండగకు నెల ముందు నుంచి నాకు మాటల్లో అర్థాలు కనిపించేవి కావు, అక్షరాలే కనిపించేవి. తొమ్మిది అక్షరాల దాకా బుద్ధిగా వచ్చి పదో అక్షరం దగ్గర పాత అక్షరాన్నే మళ్ళీ పట్టుకొచ్చే మాటలంటే, చివరి మెట్టు దాకా వచ్చి చీర వద్దనే గిరాకీల మీద ఉన్నంత కోపం. ఒక ఏడు బ్యాంక్రప్ట్సీ దొరికింది. ఎంత చక్కటి మాట! నగ తొడిగినట్టు పది అక్షరాలు. అర్థమేందని అడిగాడు బాపు. దివాలా తీయడం అన్నాను. "లక్ష్మీపూజ పొద్దు దుకాణంలకు దివాలా పట్టుకొస్తవా పోరీ!" అని ఆయన అన్న తీరుకు, నేను డిక్షనరీతో సహా వంటింట్లోకి పరుగెత్తాను. మరుసటి ఏడు బ్లాక్‌స్మిత్ తెచ్చాను. కమ్మరి అన్నాను. "కష్టం చేసుకునేటోని మాట. మంచిగున్నది" అన్నాడు. పూజ అయ్యాక అమ్మకంలో ఉన్న వాళ్ళం ఒక్కొక్కరం దీపం ముందుకు వెళ్ళి, బాపు చెవిలో చెప్పిన అక్షరాలు విని, బట్ట కొలిచే మీటరు కట్టె మీద చెయ్యి పెట్టి, ఎవరడిగినా చెప్పనని ప్రమాణం చేసేవాళ్ళం. నవ్వుకుంటూనే చేసేవాళ్ళం. చిన్నమామ ఒక్కడే నవ్వకుండా చేసేవాడు.

చిన్నమామ అంటే మా అవ్వ తమ్ముడు. మోపెడ్ వెనక రెండు మూటలు కట్టుకొని, గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లా ఊళ్ళల్లో తిరిగి బట్టలు అమ్మేవాడు. అమ్ముడుపోయిన ప్రతి చీర అట్టముక్కనూ తెంపి చొక్కా జేబులో వేసుకొని, తిరిగొచ్చాక బాపు ముందు కుమ్మరించేవాడు. అదే వాళ్ళిద్దరి లెక్క. వేరే కాగితం లేదు, కలం లేదు. మామ పొట్టి మనిషి, పెద్ద గొంతు. అటువైపు మరాఠీ కలిసిన మాటలు విని విని, ఏ పని ముగిసినా "ఝాలా" అనేవాడు. అన్నం తిన్నా ఝాలా, మూట కట్టినా ఝాలా. అతని కేక వినగానే ఆడవాళ్ళు అరుగు మీద చాప పరిచి, మంచినీళ్ళు తెచ్చి, ఆ తరువాతే చీరలు చూసేవాళ్ళట. మా దుకాణంలో అంత మర్యాద బాపుకు కూడా దొరికేది కాదు.

అవి ఎనభైల నడిమి రోజులు. ఆ ఎండాకాలం మా బజారు గొంతు తగ్గించి మాట్లాడేది. పొద్దున గోడ మీద ఎర్ర అక్షరాలు కనిపించేవి, మధ్యాహ్నానికి వాటి మీద సున్నం పడేది. పొద్దు వాలక ముందే షట్టర్లు దిగేవి. జీపు చప్పుడు వినపడితే చేతిలో గుడ్డ ఎలా ఉంటే అలా ఆగిపోయేది, అది దాటిపోయాకే మళ్ళీ కత్తెర కదిలేది. ఏటి అవతల ఊళ్ళల్లో మరీ కష్టం. అడవిలోంచి వచ్చినవాళ్ళు అడిగితే అన్నం పెట్టాలి, జీపులో వచ్చినవాళ్ళు అడిగితే ఎవరికి పెట్టావో చెప్పాలి. ఫలానావాడిని తీసుకుపోయారట అనేవాళ్ళు. తరువాతి వాక్యం ఎవరూ అనేవాళ్ళు కాదు. అవ్వ తమ్ముణ్ణి బతిమిలాడింది, ఈ ఒక్క ఎండాకాలం అటు పోకురా అని. మామ వినలేదు. "లగ్గాలు ఆగుతయా అక్కా? పోలీసోళ్ళ ఇండ్లల్ల చీరెలు కావాలె, అన్నలకు లుంగీలు కావాలె. నేను బట్టలోన్ని. నాతోని ఎవలకు పంచాయితీ? జర ఫికర్ చెయ్యకు" అన్నాడు. బట్టలవాడి తర్కం అది. మా అందరికీ నిజమే అనిపించింది.

ఒకరోజు పొద్దున, దుకాణం తీసి ఇంకా ఊదుబత్తి కూడా ఆరకముందు, ఏటి అవతలి నుంచి వచ్చే బస్సు కండక్టరు మెట్ల మీద నిలబడి లోపలికి రాకుండానే చెప్పాడు. "సేటూ, మీ బామ్మర్ది బండి మన ఊరి ఠాణా ముంగట పడున్నది. నేనైతే ఏం చూడలే." అని వెంటనే వెళ్ళిపోయాడు. బాపు అంగీ గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తాడు. గంటకు తిరిగొచ్చి, నన్ను పక్కకు పిలిచి "నువ్వు రావాలె బిడ్డా. గా అక్షరాల సంగతి నాకు తెలుస్తది గని, చెప్పొస్తలేదు" అన్నాడు. నేను అప్పటికి డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఆడపిల్లను ఠాణాకు తీసుకుపోతావా అని అవ్వ గుమ్మానికి అడ్డం నిలబడింది. తరువాత తనే పక్కకు తప్పుకుంది.

ఠాణా వరండాలో మామ మూటలు విప్పి కిందనే పడేసి ఉన్నాయి. కొత్త చీరల మీద బూటు ముద్రలు. అంత భయంలోనూ బాపు చేతులు వాటంతట అవే వంగి ఒక చీర మడత పెట్టబోయాయి. జవాను గద్దించేసరికి లేచి నిలబడ్డాడు. లోపలి గది తలుపు మూసి ఉంది. దాని బయట మామ చెప్పులు. లోపలి నుంచి ఏడుపు గాని, కేక గాని వినపడలేదు. వినపడితేనే నయమనిపించింది నాకు. ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు మనిషి, చదువుకున్నవాడు, సన్నని గొంతు. బల్ల మీద మా అట్టముక్కలన్నీ పేకముక్కల్లా పరిచి పెట్టుకున్నాడు.

"ఈ ఎస్‌కే ఎవడు?" అన్నాడు. "ఈ బీసీకే ఏ దళం? మీవాడు పొద్దున అడిగితే రంగుల గుర్తులన్నాడు. పదింటికి అడిగితే మిల్లుల పేర్లన్నాడు. ఇప్పుడు అసలు తనకు ఇంగ్లీషే రాదంటున్నాడు. మూడు అబద్ధాలు చెప్పినవాడి జేబులో ఉన్నవి ఉత్త అట్టలని నన్ను నమ్మమంటారా?"

నాకు అప్పుడు అర్థమైంది. మామ భయంతో తడబడలేదు. ప్రమాణం నిలబెట్టుకుంటున్నాడు! ఆ ఇన్‌స్పెక్టరు భార్య మా దుకాణం గిరాకీ. ఠాణా వాళ్ళకు మాట తెలిస్తే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే బాపు దుకాణం మూసుకోవాలి. దుకాణదారుల ఇంట్లో పెరిగిన మనిషికి తప్ప ఇంకెవరికీ రాని బుద్ధి అది. ప్రాణం అవతల పెట్టి కొన్న ధర దాచిపెట్టడం. బాపు కూడా ఒక్క క్షణం పెదవులు కదిపి ఊరుకున్నాడు. ఆయన కూడా మాలోనివాడే కదా, లోపల బేరం నడుస్తోంది. అప్పుడు లోపలి గదిలో ఏదో కుర్చీ జరిగిన చప్పుడైంది. "చెప్పు బిడ్డా" అన్నాడు బాపు.

చెప్పాను. పది అక్షరాలు, పది అంకెలు. ఎస్‌కే అంటే అరవై అయిదు సార్, లుంగీ ధర అన్నాను. ఆయన శ్రద్ధగా విని, నవ్వి, "బాగుంది. దారిలో అల్లుకొచ్చారా?" అన్నాడు. కొన్నప్పటి బిల్లులున్నాయి, సరిచూసుకోండి అన్నాను. "బిల్లులు మీ దగ్గరున్నవే, అట్టల మీద రాసిందీ మీరే. మాట ఒకటి అనుకొని ఎన్నైనా సరిపెట్టొచ్చు. మీ చేతుల్లో లేని రుజువు ఏదైనా ఉందా?"

ఉంది. నాకు ఠక్కున గుర్తొచ్చింది, గుర్తొచ్చిన సంగతి బాపుకు తెలిసిపోయింది. అంతకు రెండు రోజుల ముందు ఇన్‌స్పెక్టరు భార్య దుకాణానికి వచ్చి నాలుగు చీరల ధరలడిగి వెళితే, నచ్చింది ఇంట్లో ఏరుకోవడానికి వాటిని క్వార్టర్సుకు పంపాం. అట్టలు వాటికే ఉన్నాయి. బేరంలో నేను తొందరపడి ధర దించబోయినప్పుడు బాపు నా వైపు ఒక చూపు చూస్తాడు, ఆగమని. ఆ చూపే చూశాడు. తరువాత తల తిప్పుకొని, తనే అన్నాడు: "సార్, మీ ఇంట్ల నాలుగు చీరెలున్నయి. అమ్మగారు చూసుకునేతందుకు మొన్ననే పంపినం. వాటికి అట్టలుంటయి. తెప్పియ్యుండ్రి."

చీరలతో పాటు ఆవిడే వచ్చింది, క్వార్టర్సు ఠాణా వెనకనే మరి. జవాను మా దుకాణం నుంచి బిల్లుల కట్ట తెచ్చాడు. నన్ను గోడ వైపు తిరిగి నిలబడమన్నారు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క అట్ట మీది అక్షరాలు చదివాడు. బి, ఎమ్, కె అన్నాడు. నూట డెబ్బై అయిదు అన్నాను గోడతో. కాగితాలు తిరగేసిన చప్పుడు. ఆగింది. తరువాతి అట్ట. మళ్ళీ కాగితాల చప్పుడు. నాలుగూ అయ్యాయి, నా వెనక ఏమవుతోందో తెలియదు. మొదట వినిపించింది ఆవిడ గొంతు. "అదేంటండీ! దీన్ని రెండొందల నలభై అన్నారుగా! కొన్న ధర అని కొండగట్టు స్వామి మీద ఒట్టు కూడా వేశారుగా!"

నేను తిరిగి చూశాను. బాపు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. జీవితంలో మొదటిసారి దిగులు ముఖం పెట్టడం మరిచిపోయాడు. "ఒట్టేసిన అమ్మా" అన్నాడు, అంతే.

ఇన్‌స్పెక్టరు నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు. జవాన్లూ నవ్వారు. ఆ నవ్వు ఆగి ఎటు తిరుగుతుందో మాకు తెలియదు. చివరికి చెయ్యి ఊపి, "తీసుకుపొండి. పది అక్షరాల కోసం చచ్చేలా ఉన్నాడు" అన్నాడు. లోపలి తలుపు తెరిచారు. మామ గోడ పట్టుకొని వచ్చాడు. చెప్పులు తొడుక్కోలేదు, వంగి చేతిలోకి తీసుకున్నాడు. రిక్షాలో కూర్చున్నాక అడిగాడు, "చెప్పినవా బావా?" బాపు "చెప్పిన" అన్నాడు. "నేను చెప్పలే" అన్నాడు మామ. ఆ గొంతులో గర్వం విని బాపు తల అటు తిప్పుకున్నాడు. ఇంట్లో మామ అరికాళ్ళకు పసుపు పట్టిస్తూ అవ్వ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "చీరె ధర అడిగితే చెప్పరాదుర సన్నాసీ! నీ పాణం కంటె గింత అట్టముక్క ఎక్కువైందా?" మామ కాళ్ళు చాపుకొని, "ఝాలా అక్కా, ఝాలా" అన్నాడు.

మేమూ అయిపోయిందనే అనుకున్నాం. కొన్నాళ్ళు జవాన్ల భార్యలు వరసగా వచ్చి అట్టలు తిప్పి చదివి, ఆ ధరకే ఇమ్మని కూర్చునేవాళ్ళు. బాపు పండగ దాకా ఆగకుండా మాట మార్చేశాడు. దుకాణంలో అట్టలన్నీ మళ్ళీ రాసే శిక్ష నాకు పడింది. వేళ్ళు నొప్పి పుట్టినా సంతోషంగానే రాశాను. మనిషి దక్కాడు, మాటలదేముంది, డిక్షనరీ నిండా ఉన్నాయి.

కాళ్ళు నయమయ్యాక మామ మూటలు కట్టుకొని ఏరు దాటాడు. రెండు రోజులకు వచ్చేవాడు ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చాడు. మూటల ముడి విప్పినట్టు లేదు. జేబులో ఒక్క అట్టముక్క లేదు. కేక వేస్తే తలుపులు తెరుచుకోలేదట. ఒక ఊళ్ళో అతన్ని తమ్ముడిలా చూసే ఆడమనిషి ఉండేది, ఆమె తలుపు సందులోంచే "ఇంక రాకు తమ్మీ" అందట. దారిలో ఎడ్లబండి ఆపి ఒకాయన అడిగాడట: "పొద్దుగాల వట్టుకపోయిండ్రు, పొద్దు గూకకముందే ఇడిసిండ్రు. ఏం చెప్పినవే?" ఏం చెప్పలేదన్నాడు మామ. "ఏం చెప్పకుంటె ఎట్ల ఇడిస్తరు?" అన్నాడాయన. చీర ధర నిరూపించి విడిపించుకున్నామంటే అది ఎవరు నమ్మే మాట? ఆ రోజుల్లో అక్కడి నుంచి నడిచి వచ్చినవాడు ఏదో ఒకటి ఇచ్చే వచ్చి ఉండాలి. పది అక్షరాలు కూడా ఇవ్వని మనిషి, పేర్లు ఇచ్చి వచ్చాడని ఏటి అవతల నిర్ణయమైపోయింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఎండకు బజారంతా ఖాళీగా ఉన్న వేళ, కొత్తవాళ్ళు ఇద్దరు దుకాణానికి వచ్చారు. కాళ్ళ నిండా ఎర్రమట్టి. లుంగీలు చూపించమన్నారు. ఒక్కటొక్కటే చేత్తో రుద్ది చూస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగాడు ఒకడు: "మీ బామ్మర్ది మళ్ళ అటు దిక్కు వస్తడా?" బాపు "రాడు" అన్నాడు. "మంచిది" అన్నాడతను. ఒక లుంగీ తీసుకొని ధర అడిగాడు. బాపు అలవాటు కొద్దీ పెంచి చెప్పాడు. అతను ఒక్క మాట మాట్లాడకుండా అంతా ఇచ్చేసి వెళ్ళిపోయాడు. మా దుకాణం పెట్టిన నాటి నుంచి మొదట చెప్పిన ధరకు కొన్నవాణ్ణి చూడలేదు. బాపు ఆ నోట్లు గల్లాలో వెయ్యలేదు, చేతిలోనే పట్టుకొని కూర్చున్నాడు. బెదిరింపు అయితే బేరం ఆడవచ్చు. ఇది బెదిరింపు కాదు, కబురు.

రెండు రోజుల్లో మామ, అత్తమ్మ, పిల్లలు బొంబాయి పక్కనున్న భివండికి బస్సెక్కారు. అక్కడ మరమగ్గాల మధ్య బతికాడు. ఒకసారి నేను చూడబోతే, మగ్గాల చప్పుడుకు చెవి మందగించి, ఆ పెద్ద గొంతు ఇంకా పెద్దదైంది. కానీ అందులో కేక లేదు. పెళ్ళిళ్ళకు వచ్చినా దుకాణం దాకా వచ్చి, మెట్ల మీద కూర్చొని, గోదావరి వైపు వెళ్ళే బస్సులు చూసి వెళ్ళిపోయేవాడు. రెండు వేలు దాటిన ఏడెనిమిదేళ్ళకు అక్కడే పోయాడు. పోయిన మరుసటి ఏడు ఒక ముసలామె కొడుకు లగ్గం బట్టలకని ఏరు దాటి మా దుకాణానికి వచ్చింది. మాటల మధ్యలో, "నీకు మామ కావాలె గదా బిడ్డా, గా బట్టల తమ్ముడు? మంచిగున్నడా?" అని అడిగింది. చెప్పాను. చేతిలో చీర అలాగే ఒడిలో పెట్టుకొని కూర్చుండిపోయింది. "గప్పుడు తలుపు తియ్యకపోతిని. ఇంట్ల పోరగాండ్లు ఉండిరి, భయమైంది. అసోంటోడు కాదని నాకెరుకే. ఇప్పుడైతే ఎవలకూ భయం లేదు, వస్తె చాప పరుస్తుంటి" అంది. ఆమెకు మంచినీళ్ళు ఇచ్చి, చీరలు నేనే ఏరి పెట్టాను. బస్సు వేళకు లేచి మూట చంకన పెట్టుకొని వెళ్ళిపోయింది. ఆమెను తప్పుపట్టాలని ఎన్నిసార్లు అనుకున్నా నా వల్ల కాలేదు. భయం ఒక ఊరిని వదిలిపెట్టిపోవడానికి ఎంత కాలం పడుతుందో ముందే ఎవరికీ తెలియదు. మావైపు అది పోవడానికి, చిన్నమామ బతికిన దాని కంటే ఒక్క ఏడాది ఎక్కువ పట్టింది.